ప్రోక్రిస్ ముఖం: తొమ్మిదో భాగం

పగిలిన ప్లాస్టరు ముక్కలన్నీ ఒక్కటొక్కటే అతికించి, గుడ్డతో తుడిచి చూసేసరికి అందులోంచి తన పెళ్ళామే తన వైపు చూస్తోందని సెవెరో వనెల్లికి తెలిసింది. కథ అక్కడ ఆగింది.

శిల్పి ఉబాల్దో ఫెర్రాంతె చలిజ్వరంతో పోయి ఇరవై రోజులైంది. కార్ఖానాలో అందరికీ ఆయన మాయెస్త్రో, అంటే గురువుగారు. ఆయన చివరి బొమ్మ ప్రోక్రిస్. మొగుడి మీద అనుమానంతో అడవిలో పొదచాటున పొంచి కూర్చుని, ఏదో జంతువనుకుని ఆ మొగుడే విసిరిన ఈటెకి కూలిపోయిన ఇల్లాలు, గ్రీకుల కథలో. పాలరాతిలో ఒళ్ళంతా పూర్తయింది. మెడ పైన మాత్రం ఇంకా మొద్దురాయే. రాయి చెక్కేవాడు చూసుకోవాల్సిన ప్లాస్టరు నమూనాకి ముఖం లేదు మరి. జ్వరం తగలడానికి మూడు రోజుల ముందు మాయెస్త్రోయే నచ్చక పగలగొట్టుకున్నారని అందరూ అనుకున్నారు. కొంటానన్న త్రియెస్తె నౌకల వర్తకుడు శనివారం వస్తున్నాడు. తలతో సహా అంతా మాయెస్త్రో చేతి పని అయితేనే తీసుకుంటానని ఉత్తరం రాశాడు. అందుకే, పద్దెనిమిదేళ్ళుగా ఆ కార్ఖానాలో పెద్ద చెక్కుడుపనివాడైన సెవెరో చెత్తబస్తాలు దులిపి ఆ ముక్కలు ఏరింది.

ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం. ముక్కలు అతికి ఒక రోజు గడిచింది.

ఆఫ్రికా వైపు నుంచి వచ్చే వేడిగాలి మూడు రోజులుగా రోము నగరాన్ని పట్టుకుని వదలడం లేదు. తలుపులు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. గుర్రాలు కట్టుకొయ్యల దగ్గర ఒకచోట నిలబడటం లేదు. మార్గుత్త వీధి వెనక సందులో, గుర్రాలసాల మీద ఉన్న తన రెండు గదులకి సెవెరో చంకలో మూటతో మెట్లెక్కి వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. లోపల నున్సియాతా పొయ్యి దగ్గర శనగల చారు కలుపుతోంది. శుక్రవారం మాంసం ముట్టకూడదు కాబట్టి పక్కనే నానబెట్టిన ఉప్పుచేప ముక్కలు రెండు.

అతను మూట తీసుకెళ్ళి రొట్టె పక్కన, బల్ల మీద పెట్టాడు.

"ఏమిటది?"

"నువ్వే చూడు."

ఆమె చేతులు తుడుచుకుని ముడి విప్పింది. చూసింది. అరవలేదు, గుడ్డ మళ్ళీ కప్పలేదు. కొంచెం వంగి మరోసారి చూసింది.

"ముక్కు దగ్గర జిగురు ఎక్కువ పెట్టావు," అంది.

సెవెరో కుర్చీ లాగాడు గానీ కూర్చోలేదు. పొద్దుట్నుంచీ కూడబలుక్కున్న మాటలన్నీ వదిలేసి ఒక్కటే అడిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది ఎన్నాళ్ళ నుంచి?"

"నా చేత అనిపించకు, నున్సియా."

"నీ మనసులో ఉన్నది నువ్వే అనాలి. నేనెందుకంటాను?"

"నాలుగేళ్ళ నుంచి రోజూ నాకంటే ముందే కార్ఖానాకి వెళ్తున్నావు. మట్టిబొమ్మ మీద గుడ్డలు తడపాలంటావు. ఎండిపోతే పగుళ్ళిస్తుందంటావు. పై గదిలో నువ్వూ ఆయనా, లోపల గడియ. గుడ్డలు తడపడానికి గంట పడుతుందా?"

"గంటన్నర."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"లేదు." ఆమె చారు గిన్నె దించి పక్కన పెట్టింది. ఒక్క చుక్క తొణకలేదు. అది చూసి అతనికి ఇంకా మండింది. "ఎలాగో ఒకలా ఈ రోజు వస్తుందని తెలుసు. ఇలా మూటలో వస్తుందనుకోలేదు."

"అయితే ఒక్కటే చెప్పు. ఆయన నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చూస్తూ చేశాడా లేదా?"

"చూస్తూ చెయ్యలేదు."

"మరి?"

"ఆయనకి చూపు లేదు, సెవెరో."

కింద గుర్రం ఒకటి గోడని తన్నింది. సెవెరో కుర్చీలో కూర్చున్నాడు.

"నాలుగేళ్ళయింది," అంది నున్సియాతా. "ముందు ఎదురుగా ఉన్నది మసకబారింది. పక్కల ఉన్నది కాస్త కనబడేది. పోయిన చలికాలానికి అదీ పోయింది. కట్టుకున్న అమ్మగారికి కూడా చెప్పలేదాయన. తెలిస్తే ఎవరు బొమ్మ చేయించుకుంటారు?"

సెవెరోకి ఒకదాని వెంట ఒకటి గుర్తుకొచ్చాయి. మాయెస్త్రో మెట్లు దిగేటప్పుడు తన భుజం మీద చెయ్యి వేసేవాడు. ఎంత ఆప్యాయత అనుకునేవాడు తను. కొత్తగా చెక్కిన రాయిని ఆయన అరచేత్తో పైనుంచి కింది దాకా నిమిరి, "రాతిని వేళ్ళతో చూడాలి" అనేవాడు. వచ్చిన పెద్దమనుషులు ఆ మాట పుస్తకాల్లో రాసుకుని వెళ్ళేవారు. ఒక్కడికీ అనుమానం రాలేదు. తనకీ రాలేదు.

రాకపోగా ఇప్పుడు వేరే అనుమానం బుర్రలోకి దూరింది.

"అంటే, తడిమి చేశాడా?" అతని గొంతు కీచుమంది. "నీ మొహం చేత్తో తడిమి..."

"ఇంకా అక్కడే తిరుగుతున్నావా?" ఆమె మొదటిసారి గొంతు పెంచింది. "రాతిలో కూలిన ఆ ప్రోక్రిస్ మొగుణ్ణి అనుమానించింది. ఇక్కడ మొగుడు అనుమానిస్తున్నాడు. ఆయన నన్ను ముట్టుకోలేదు. ముట్టుకున్నది మట్టిని. అదీ నేను చెయ్యడం అయ్యాక."

"నువ్వు చెయ్యడం అయ్యాక?"

"అవును."

"ఏం చెయ్యడం?"

"బొమ్మ."

అతను నవ్వాడు. నవ్వాలని నవ్వలేదు, వచ్చేసింది. ఆమె అతని నవ్వు అయిపోయేదాకా ఆగి, ఎదురుగా కూర్చుని, చేతులు బల్ల మీద పెట్టుకుంది. గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఉండే ఆ బూడిదరంగు గీత మీద సెవెరో చూపు ఆగింది. గుడ్డలు పిండే చేతులు కదా, అలాగే ఉంటాయి అనుకునేవాడు.

"మా నాన్న ఏం చేసేవాడో నీకు తెలుసు," అంది.

తెలుసు. లూక్కా కొండల్లో పుట్టి, ప్లాస్టరు దేవుళ్ళనీ, పిల్లులనీ, చక్రవర్తుల తలలనీ తట్టలో పెట్టుకుని ఫ్రాన్సులో లియోన్ దాకా నడిచి అమ్మేవాడు. పెళ్ళిలో సెవెరో తరఫు వాళ్ళు నవ్వుకున్నారు కూడా. కర్రారా పాలరాళ్ళు చెక్కే ఇంటివాడు పిల్లిబొమ్మల వాడి కూతుర్ని చేసుకుంటున్నాడని.

"ఆ పిల్లులకి అచ్చులు అరిగిపోతే కొత్త అచ్చు కోసం మట్టిలో చేసేదాన్ని నేనే. ఎనిమిదేళ్ళ వయసు నుంచీ. ఒకరోజు మాయెస్త్రో గదిలో గుడ్డ తీస్తే, మైనపు రెక్కల ఇకరస్ బొమ్మ చెవి ఒకటి కిందకి జారి ఉంది. ఆయనకి కనబడలేదని నాకు తెలీదు, అలిసిపోయాడేమో అనుకున్నాను. బొటనవేలితో సరిచేసి గుడ్డ కప్పేశాను. మర్నాడు ఆయన దాన్ని తడిమి, 'ఎవరు ముట్టుకున్నారు?' అన్నారు. పని పోయిందనుకున్నాను. 'రెండోది కూడా చెయ్యి' అన్నారు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఆయన నోటితో చెప్పేవారు, నేను చేతితో చేసేదాన్ని. ఇనో బొమ్మ వచ్చేసరికి చెప్పడం కూడా తగ్గిపోయింది. తడిమి చూసి ఊ అనేవారు, అంతే. ఒక్కోసారి ఊ కూడా అనేవారు కాదు. కుర్చీలో వెనక్కి వాలి ఊరికే కూర్చునేవారు."

సెవెరో చెయ్యి నెమ్మదిగా నోటి మీదికి పోయింది. బిడ్డని ఎత్తుకుని సముద్రంలోకి దూకుతున్న ఇనో. దాన్ని పాలరాతిలోకి దించింది తనే. మిలాన్ వాళ్ళు కొనుక్కెళ్ళేటప్పుడు బండి వెనక ఊరి ఉత్తర ద్వారం దగ్గరి పియాజ్జా దెల్ పోపొలో దాకా నడిచి వెళ్ళాడు.

"దాని చెయ్యి గురించి," అంది నున్సియాతా, "బిడ్డ తొడని పట్టుకున్న చెయ్యి గురించి, నువ్వు ఇదే బల్ల దగ్గర కూర్చుని మూడు రోజులు చెప్పావు. వేళ్ళ కింద కండ ఎలా నొక్కుకుందో, ఇలాంటి చెయ్యి దేవుడు నూరేళ్ళకొకడికిస్తాడు అన్నావు. మూడు రోజులూ నాకు ఆకలెయ్యలేదు."

"చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేసేవాడివి?"

సెవెరో రొట్టె చివర తుంచాడు. నోట్లో పెట్టుకోలేదు.

"ఇప్పుడేం చేశావో అదే చేసేవాడివి. నవ్వేవాడివి," అంది. "నీకు చూపు ఉంది కదయ్యా. ఏడు నెలలు ప్రోక్రిస్‌లో నా మోకాళ్ళు చెక్కావు. పిక్క మీద కాలిన మచ్చ ఒక్కటే నేను పెట్టలేదు. పదిహేడేళ్ళ కాపురం. గుర్తుపట్టావా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"బయటి మనిషిని కూర్చోబెడితే ఆయన కళ్ళ సంగతి తెలిసిపోతుందని, అద్దం పెట్టుకుని నన్ను నేనే చూసుకుంటూ చేశాను. ముఖం కూడా నాది రాకూడదనే అనుకున్నాను. చెయ్యి వినలేదు. ప్లాస్టరులో పోసి తెచ్చాక, తెల్లగా, ఎదురుగా నేనే ఉన్నాను. మర్నాడు నువ్వు దాన్ని రాతిలోకి తీసుకెళ్తావు. అందుకని సుత్తి తీసుకున్నాను. ఆయన కాదు, నేనే కొట్టాను. ఆయన కుర్చీలోంచి ఆ చప్పుడు విని ఏమన్నారో తెలుసా? 'పాపం, బాగా వచ్చింది కదా' అన్నారు."

గాలికి కిటికీ రెక్క ఠప్పున కొట్టుకుంది. ఇద్దరిలో ఎవరూ లేచి వెయ్యలేదు.

సెవెరోకి లోపల ఏం జరుగుతోందో అతనికే అర్థం కాలేదు. నిన్నటి నుంచీ రొమ్ము మీద ఉన్న బండ తప్పుకుంది, నిజమే. పెళ్ళాం తప్పు చెయ్యలేదు. ఆ తేలిక నాలుగు ఊపిరుల సేపు కూడా నిలవలేదు. పదేళ్ళ కిందట తను ఎవరికీ తెలియకుండా మట్టితో ఒక తల చేసి మాయెస్త్రోకి చూపించిన రోజు కళ్ళముందుకొచ్చింది. ఆయన అప్పుడు చూపున్నవాడే. తిప్పి తిప్పి చూసి, "సెవెరో, నీది చెక్కే చెయ్యి. ఇటలీలో ఇంత మంచిది లేదు. కానీ పుట్టించే చెయ్యి కాదు" అన్నాడు. ఆ తలని సెవెరో మర్నాడే నీళ్ళతొట్టిలో పడేశాడు. మళ్ళీ మట్టి ముట్టుకోలేదు. ఆ మాట నున్సియాతాకి ఎప్పుడూ చెప్పలేదు.

లేచి నిలబడ్డాడు. "పద."

"ఎక్కడికి?"

"పై గదికి. నా ఎదురుగా చెయ్యి. అప్పుడు నమ్ముతాను."

"చారు?"

"చారు ఎక్కడికీ పోదు."

*

కార్ఖానాలో పనివాళ్ళు భోజనాలకి పోయారు. చెక్కుడు కొట్టులో ప్రోక్రిస్ ఒక మోకాలి మీద ఒరిగి, ఒక చెయ్యి రొమ్ము దగ్గర పెట్టుకుని, ముఖంలేని తలని పైకెత్తి ఉంది. దాని పక్కనుంచి పోతుంటే సెవెరో కళ్ళు మోకాళ్ళ వైపు పోయాయి. గబుక్కున తిప్పుకున్నాడు. నున్సియాతా చూడనట్టే మెట్లెక్కింది.

పై గదిలో ఉత్తరపు వెలుతురు. కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె తొట్టి మీద తడిగోనె తీసి, మట్టి రెండు చేతులతో కోసుకుని, బల్ల మీద నాలుగుసార్లు కొట్టి, బొమ్మ నిలిపే కొయ్య మీదికి ఎక్కించింది. గౌను చేతులు పైకి మడుచుకోవడం కూడా మర్చిపోయింది. సెవెరో గోడకి ఆనుకుని, ఛాతీ మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తప్పు పట్టడానికొచ్చిన మేస్త్రీలా.

మొదటి కాసేపూ అది ఉత్త ముద్దే. తర్వాత నుదురు వచ్చింది. కళ్ళగుంటలు బొటనవేళ్ళతో ఒక్క నొక్కు నొక్కింది. అద్దం వైపు చూడలేదు. ఆ ముఖం ఆమెది కాదు. ఎవరిదీ కాదు.

"అప్పుడు చేసింది తప్పు," అంది చేతులు ఆపకుండా. "భయపెట్టేశాను దాన్ని. ఈటె తగిలాక ఇంకేం భయం? మొగుడు పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. ఏడుస్తున్నాడు. వేరే ఎవత్తీ లేదని దానికి అప్పుడే తెలుస్తుంది. అదే దాని ముఖంలో ఉండాలి. చచ్చిపోతున్నందుకు ఏడుపూ, తెలిసినందుకు..."

"సంతోషమా?"

"అంత పెద్ద మాట కాదు. ఊరట."

చెబుతూనే కింది పెదవి దగ్గరికొచ్చింది. కుడి బొటనవేలి అంచుతో పెదవి కింద నొక్కి, పక్కకి చిన్న మెలిక తిప్పింది. రెప్పపాటు పని.

సెవెరో గోడని వదిలి ముందుకొచ్చాడు. ఆ మెలిక అతనికి తెలుసు. ఇకరస్ పెదవి కింద ఉంది. ఇనో పెదవి కింద ఉంది. సన్న ఉలితో ఆ మెలిక రాతిలోకి తెచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు తను. కింద కొట్టులో కుర్రపనివాళ్ళని పిలిచి మరీ చూపించేవాడు, ఇదిరా మాయెస్త్రో సంతకం అని.

"ఇంకోసారి," అన్నాడు.

"ఏది?"

"ఆ పెదవి దగ్గర. ఇంకోసారి చెయ్యి."

ఆమె చెరిపి, మళ్ళీ చేసింది. అదే మెలిక. సెవెరో దగ్గరికెళ్ళి, వేలితో కాదు, వేలి నీడతో అన్నట్టు దాన్ని ముట్టీ ముట్టకుండా చూశాడు. తర్వాత తడిగుడ్డ పిండి ఆమె చేతికిచ్చాడు. పదిహేడేళ్ళలో ఆమెకి అతను అందించిన మొదటి పనిముట్టు అది. ఇద్దరూ ఆ సంగతి గమనించారు.

"చెవులు నేను కొలత తీసుకుంటాను," అన్నాడు కాసేపటికి. "నువ్వు చెవులు ఎప్పుడూ కొంచెం వెనక్కి పెడతావు. రాతిలో నేనే ముందుకి జరుపుతుంటాను."

"జరిపింది నువ్వా? నేను మాయెస్త్రో అనుకున్నాను. తిట్టుకున్నాను కూడా."

ఆమె నవ్వబోయింది. అంతలో మెట్ల మీద పట్టుపావడా గరగరలాడింది.

గడప దగ్గర లెయోనిల్దా, మాయెస్త్రో భార్య. నల్లబట్టల్లో, మేలిముసుగు వెనక్కి వేసుకుని, మెట్లెక్కిన ఆయాసంతో నిలబడింది. యాభై ఏళ్ళ మనిషి. నున్సియాతా చేతుల వైపు చూసింది. కొయ్య మీది తడి ముఖాన్ని చూసింది.

"త్రియెస్తె ఆయన ఒక రోజు ముందే వచ్చేశాడు, సెవెరో," అంది. "కింద నా గదిలో కాఫీ తాగుతున్నాడు. ఈ గది చూడాలంటున్నాడు. ఆపలేను."

"ముఖం ఇంకా..." అన్నాడు సెవెరో.

"ముందు ఇది." ఆమె చేతిసంచిలోంచి ఒక కవరు తీసింది. ఎర్రలక్క ముద్ర చెక్కుచెదరలేదు. "మన చర్చి ఫాదర్ ఆన్సెల్మో ఇప్పుడే ఇచ్చి వెళ్ళాడు. ఆఖరిరోజున మా ఆయన చెప్పగా రాశాడట. బొమ్మ అమ్మే ముందు నీకే ఇవ్వాలని ఫాదర్ దగ్గర మాట తీసుకున్నాడట. నాకు కాదు, నీకు." ఆ చివరి మాట దగ్గర ఆమె పెదవులు బిగుసుకున్నాయి. "ఈ నాలుగేళ్ళూ ఆయన నా దగ్గర ఏదో దాచాడని తెలుసు. కళ్ళ సంగతి ఎప్పుడో కనిపెట్టాను. అది కాక ఇంకా ఏదో ఉంది. చదువు. గట్టిగా చదువు. ఆ పెద్దమనిషి పైకి వచ్చేలోగా నేను ఏం అమ్ముతున్నానో నాకు తెలియాలి."

నున్సియాతా మట్టిచేతులు గాలిలో అలాగే ఉంచుకుని నిలబడింది. ఆమెకి చదువు రాదు. కానీ ఆ కవరులో ఏముందో ఆమెకి తెలుసని సెవెరోకి అర్థమైంది. లేదా తెలుసని నమ్ముతోంది. నాలుగేళ్ళ పనికి ఒక్క మాట. ఒక్క పేరు, తనది. ఆమె కళ్ళలో ఇనో సమయంలో ఆకలెయ్యని ఆ మూడు రోజులూ కనిపించాయి అతనికి.

లక్క పగిలింది. ఒకే కాగితం, ఫాదర్ గుండ్రటి చేతిరాత. సెవెరో పెదవులు కదపకుండా చదువుకున్నాడు.

*నా చూపు పోయినప్పటి నుంచి నా పేరు మీద వెలువడిన బొమ్మలు నావి కావు. ఈ అబద్ధంతో దేవుడి ముందుకి వెళ్ళలేను. ఇకరస్, ఇనో, ప్రోక్రిస్, ఈ మూడింటినీ మట్టిలో పుట్టించింది నా కార్ఖానాలో పెద్ద చెక్కుడుపనివాడు, కర్రారా వాస్తవ్యుడు సెవెరో వనెల్లి. ఆ కీర్తి అతనిది. లోకం నమ్మగల పేరు అదొక్కటే.*

కింద సంతకం ఉంది. గుడ్డివాడి సంతకం, గీత దాటి వాలిపోయింది.

అతను రెండోసారి చదివాడు. అక్షరాలు మారలేదు.

"ఏం రాశారు?" అంది నున్సియాతా. చిన్నగా అడిగింది.

కింద కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. బరువైన బూట్లు మొదటి మెట్టెక్కాయి.

"సెవెరో," అంది లెయోనిల్దా. "ఎవరి పేరు ఉంది అందులో?"

"పేరు రాయలేదమ్మగారూ," అన్నాడు సెవెరో. పెళ్ళాం వైపు చూడలేదు. కాగితాన్ని సగానికి మడిచాడు. "ఎవరి పేరూ లేదు."

బూట్లు మలుపు దగ్గరికి వచ్చాయి. లెయోనిల్దా అతని ముఖాన్నీ, కాగితం మడిచిన వేళ్ళనీ చూసింది. నల్లటి చేతితొడుగు తాపీగా విప్పుకుని, అరచెయ్యి చాపింది.

"నాకు చదువొచ్చు, సెవెరో," అంది. "ఇటివ్వు."